లూప్ ఇలియోస్టమీ: బ్యాగు ఒక్కరోజు కూడా నిలవట్లేదు, చుట్టూ చర్మం పుండవుతోంది. తప్పు ఎక్కడ?

ప్రశ్న: ఇంటిమనిషి

నాన్నగారికి రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ ఆపరేషన్‌లో తాత్కాలికంగా లూప్ ఇలియోస్టమీ పెట్టారు, అంటే చిన్నపేగు మెలికను పొట్ట మీదికి తెచ్చి, మలం బ్యాగులోకి వచ్చేలా దారి చేశారు. ఇవాళ్టికి 22 రోజులు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎక్కడ తప్పుతున్నామో చెప్పండి.

స్టోమా, అంటే బయటికి తెచ్చిన ఆ పేగు నోరు, పొట్టకు కుడివైపు, బొడ్డుకు కాస్త కింద ఉంది. వాడేది వన్‌పీస్ బ్యాగు (చర్మానికి అంటించే ప్లేటు, సంచి కలిసే ఉంటాయి), కింద మడిచి మూసే రకం. డిశ్చార్జి రోజున 35 మి.మీ. రంధ్రం కత్తిరించి చూపించారు, అదే కొలత కొనసాగిస్తున్నాం. మొదట్లో 3 రోజులు నిలిచేది, ఇప్పుడు 24 గంటలు గడవడం కష్టం. కారేది ఎప్పుడూ అడుగువైపే. అక్కడి చర్మం ఎర్రగా, తడితడిగా ఉంది. ప్లేటు అంచు పుండుకు తగలకూడదని నిన్న రంధ్రం 40 చేశాం. చుట్టూ టేపు కూడా వేశాం. కడగడానికి యాంటీసెప్టిక్ లోషన్, మంటకు క్రీమ్ వాడుతున్నాం. పేస్ట్ పెడితే భరించలేనంత మంట అంటున్నారు.

బ్యాగు రోజుకు 8, 9 సార్లు ఖాళీ చేయాల్సి వస్తోంది, వచ్చేది అచ్చం నీళ్ళే. ఒంట్లో నీరు పోతోందని రోజుకు 3 లీటర్లకు పైగా మంచినీళ్ళు తాగిస్తున్నాం.

ఇంకో రెండు అనుమానాలు. స్టోమా తుడిస్తే గుడ్డకు రక్తం అంటుతోంది. మలద్వారం నుంచి జిగురు వస్తోంది. ఇవి మామూలేనా? బ్యాగు కంపెనీ మారిస్తే ఈ గొడవ తీరుతుందా?

జవాబు 1: కత్తెర

కంపెనీ మార్చే ముందు రంధ్రం మార్చండి. మీరు దాన్ని 40 చేయడం సరిగ్గా వ్యతిరేక దిశలో వెళ్ళడం.

ఆపరేషన్ అయిన కొత్తలో స్టోమా వాచి ఉంటుంది. తర్వాత 6 నుంచి 8 వారాల పాటు కుంచించుకుపోతూ ఉంటుంది. మొదటి రోజు కొలత మూడో వారానికి పనికిరాదు. స్టోమా 29కి దిగి, రంధ్రం 35 దగ్గరే ఉంటే చుట్టూ 3 మి.మీ. చర్మం బయటపడుతుంది. స్టోమా మధ్యలో కూర్చోకపోతే ఒకవైపు 5, 6 కూడా అవుతుంది. చిన్నపేగు నుంచి వచ్చే ద్రవంలో జీర్ణరసాల ఎంజైములు ఇంకా పని చేస్తూనే ఉంటాయి. అన్నాన్ని అరిగించే ఆ రసానికి చర్మం కూడా అన్నం కిందే లెక్క. చర్మం చెడితే తడి ఊరుతుంది, తడి మీద ప్లేటు అంటదు, అంటని చోట మళ్ళీ కారుతుంది. మీరిప్పుడు ఈ చక్రంలో ఉన్నారు. పుండుకు ప్లేటు తగలకూడదు అనుకుంటున్నారు కదా, నిజానికి పుండును కప్పి కాపాడేది ఆ ప్లేటే.

కొలత ఇలా తీసుకోండి. లూప్ స్టోమా సాధారణంగా గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. అడ్డం, నిలువు రెండూ కొలవాలి. ప్లేటు మీద నుంచి తీసేసే పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను స్టోమా మీద ఆనీ ఆనకుండా పట్టుకుని, పెన్నుతో అంచు గీసి కత్తిరిస్తే అదే అచ్చు. అసలు ప్లేటులో స్టోమా కంటే అన్నివైపులా 2 మి.మీ. మాత్రమే వదిలి కత్తిరించండి. కత్తిరించాక రంధ్రం లోపలి అంచును వేలితో ఒకసారి రుద్ది గరుకు పోగొట్టండి. గరుకు అంచు స్టోమాను కోస్తుంది. అచ్చు మీద తేదీ రాసి దాచండి. ఇంకో నెల రోజుల పాటు బ్యాగు మార్చిన ప్రతిసారీ కొలవాలి. అచ్చు పారదర్శకం కాబట్టి వెనకాముందూ తిరగబడే ప్రమాదం ఉంది. పైవైపు బాణం గుర్తు పెట్టుకోండి.

రెండో సంగతి, పాత ప్లేటును తీసి నేరుగా చెత్తబుట్టలో వేయకండి, తిప్పి చూడండి. ఎక్కడ తెల్లగా ఉబ్బి కరిగిందో అదే లీకు దారి. గడియారం ముల్లులాగా చెప్పుకుంటే సులువు: తలవైపు 12, కాళ్ళవైపు 6. మూడు ప్లేట్లు వరసగా 6 దగ్గరే కరిగితే అది అంటించడంలో పొరపాటు కాదు, అక్కడ పొట్ట మీద గుంటో మడతో ఉంది. పడుకోబెట్టి చూస్తే కనపడదు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కాస్త ముందుకు వంగమని చూడండి. మడత కనిపిస్తే ఆ జాగాలో బ్యారియర్ రింగు (ప్లేటు కింద పెట్టే మెత్తని, సాగే రింగు) ముక్క తుంచి, సాగదీసి, గుంట నింపి, దానిపైన ప్లేటు వేయాలి. పేస్ట్ పనీ ఇదే. అది జిగురు కాదు, సందు పూడ్చే మెత్తని పదార్థం. చాలా పేస్టుల్లో ఆల్కహాల్ ఉంటుంది, మీరు చెప్పిన మంట దానివల్లే. పుండు మానేదాకా రింగే వాడండి.

ఇప్పుడు చర్మం పని. లోషన్, క్రీమ్, నూనె, సువాసన సబ్బు, తడి వైప్స్ అన్నీ పక్కన పెట్టండి. వాటి జిడ్డు ప్లేటును అంటనివ్వదు. గోరువెచ్చని నీళ్ళు, మెత్తని గుడ్డ చాలు. రుద్దకుండా అద్ది ఆరబెట్టండి. తడి ఊరే చోట మాత్రమే స్టోమా పౌడర్ చల్లండి, నిమిషం ఆగండి, అంటనిదంతా దులిపేయండి. దానిమీద ఆల్కహాల్ లేని బ్యారియర్ ఫిల్మ్ స్ప్రే (చర్మం మీద పలచని రక్షణ పొర కట్టేది) కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. మళ్ళీ పౌడర్, మళ్ళీ స్ప్రే. రెండు మూడు పొరలయ్యేసరికి పొడి పెచ్చులాంటిది కడుతుంది, ప్లేటు దాన్ని పట్టుకుంటుంది. పౌడర్ ఎక్కువైతే కూడా ప్లేటు జారిపోతుంది. దులపడం మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

మార్చడానికి మంచి సమయం పొద్దున్నే, ఏమీ తినక ముందు, తాగక ముందు. పేగు అప్పుడు కాస్త నెమ్మదిగా ఉంటుంది. పాతది పైనుంచి కిందికి, ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టుకుని తీయండి. లాగకండి, కావాలంటే అంటు వదిలించే స్ప్రే వాడండి. చుట్టిన గాజుగుడ్డ ఒకటి స్టోమా మీద ఆనించి ఉంచుకుంటే పని మధ్యలో కారదు, అంటించే ముందు తీసేయాలి. కొత్త ప్లేటును ముందు అరచేతుల మధ్య ఒక నిమిషం వేడెక్కించండి. అడుగు అంచు నుంచి మొదలుపెట్టి పైకి అతికించండి. అతికాక అరచేయి వేసి 2, 3 నిమిషాలు ఉంచండి. ఆ జిగురు ఒంటి వేడికే పట్టుకుంటుంది.

టేపు మాత్రం వెంటనే ఆపండి. టేపు లీకును ఆపదు, దాస్తుంది. లోపల కారింది బయటికి రాలేక చర్మం మీదే నిలుస్తుంది. దురద గానీ మంట గానీ మొదలైందంటే ప్లేటు కింద తడి చేరినట్టే, బయటికి కారేదాకా ఆగకుండా అప్పుడే మార్చేయాలి.

జవాబు 2: కొలతజాడీ

కత్తెర గారు చెప్పినవన్నీ నిజమే, కానీ నన్ను ఆపేసింది ప్రశ్నలో ఇంకో మాట. 8, 9 సార్లు, నీళ్ళలాగా. ఇది తగ్గకపోతే ఎంత బాగా అంటించినా ప్లేటు నిలవదు. పైగా చర్మం కంటే ముందు కిడ్నీలు దెబ్బతింటాయి.

పెద్దపేగుకు రోజూ ఒకటిన్నర లీటరు దాకా ద్రవం చేరుతుంది, దాదాపు మొత్తం అక్కడే ఇంకిపోతుంది. ఇలియోస్టమీలో ఆ మెట్టు ఉండదు. తొలి రోజుల్లో ఎక్కువే వస్తుంది. కొన్ని వారాల్లో చిన్నపేగు అలవాటుపడి 500 నుంచి 1000 మి.లీ. మధ్యకు, చిక్కటి జావలాగా రావాలి. 1500 దాటితే ఎక్కువని లెక్క. 2000 దాటితే ఇంట్లో కూర్చుని చూసే విషయం కాదు.

కాబట్టి ఇవాళే ఒక కొలత జాడీ పెట్టండి. ఖాళీ చేసిన ప్రతిసారీ గంట, మి.లీ. రాయండి, రాత్రివి కూడా. మూత్రం వేరే జాడీలో కొలవండి. తాగినది ఇంకో వరసలో రాయండి. 24 గంటల మొత్తం చూస్తే గానీ ఎవరూ ఏమీ చెప్పలేరు. ఎన్నిసార్లు అన్నది కొలత కాదు, సగం నిండాక తీసేవాళ్ళూ ఉంటారు, పావుకే తీసేవాళ్ళూ ఉంటారు. మూడోవంతు నిండగానే తీయడం మంచి అలవాటు, ఆ పైన బరువుకే ప్లేటు ఊడుతుంది.

ఇప్పుడు మీకు నచ్చని మాట. 3 లీటర్ల మంచినీళ్ళు ఆపండి. అవి నష్టాన్ని పూడ్చడం లేదు, పెంచుతున్నాయి. చిన్నపేగు గోడ వదులుగా ఉంటుంది, లోపల ఉప్పు లేని నీళ్ళు పడితే రక్తంలోని సోడియం పేగులోకి వచ్చి చేరుతుంది, దాని వెంట నీరు కూడా వస్తుంది. తాగింది, దానితో పాటు ఒంట్లోది, రెండూ బ్యాగులో పడతాయి. దాహం ఇంకా పెరుగుతుంది, ఇంకా తాగుతారు. పళ్ళరసం, కూల్‌డ్రింకు, టీ కూడా ఇదే పని చేస్తాయి. చక్కెర ఎక్కువ ఉన్నవైతే మరీను.

బ్యాగులోకి ఎక్కువగా వచ్చేవాళ్ళకు సాధారణంగా చెప్పే పద్ధతి ఇది: మంచినీళ్ళు, టీ, రసాలు అన్నీ కలిపి రోజుకు 500 నుంచి 1000 మి.లీ. లోపు. దానికి అదనంగా ఉప్పు, గ్లూకోజ్ కలిపిన ద్రావణం ఒక లీటరు. దాని పాళ్ళు లీటరు నీళ్ళకు గ్లూకోజ్ 20 గ్రాములు, మామూలు ఉప్పు 3.5 గ్రాములు, సోడియం బైకార్బొనేట్, అంటే వంటసోడా, 2.5 గ్రాములు. దీంతో లీటరుకు 90 మిల్లీమోల్ సోడియం వస్తుంది. విరేచనాలకు ఇచ్చే మామూలు ఓఆర్ఎస్‌లో 75 ఉంటుంది. బేకింగ్ పౌడర్ వేరు, వంటసోడా వేరు, కలగాపులగం చేయకండి. చెంచాలతో కాకుండా త్రాసుతో తూచండి. చల్లబరిచి, గుక్కగుక్కగా రోజంతా తాగాలి, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, బీపీ ఉంటే ఇంత ఉప్పు డాక్టర్ చెప్పకుండా మొదలుపెట్టకూడదు.

లోపెరమైడ్ బిళ్ళ పేగు కదలికను నెమ్మదింపజేస్తుంది. తిన్నాక వేసుకుంటే ఉపయోగం తక్కువ, తినడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు పడాలి. మోతాదు, ఎన్నిసార్లు అన్నది డాక్టరే చెప్పాలి. ఎందుకంటే ఇన్ఫెక్షన్ వల్లో, పేగు కొంత మూసుకుపోవడం వల్లో నీళ్ళలాగా వస్తుంటే ఈ మందు ప్రమాదం. బిళ్ళలు అరక్కుండా బ్యాగులో పడుతున్నాయేమో కూడా చూడండి. పైపూత ఉన్నవి, నిదానంగా కరిగేవి ఇలియోస్టమీలో అలాగే బయటికి వచ్చేస్తాయి. బీపీ మందో, ఇంకోటో అలా పోతుంటే రకం మార్చాలి.

నిలబడగానే కళ్ళు తిరగడం, పిక్కలు పట్టేయడం, మూత్రం చిక్కటి రంగులో కొంచెమే రావడం, వీటిలో ఏది ఉన్నా కొలతల కోసం రేపటిదాకా ఆగకండి.

జవాబు 3: గాజుగుడ్డ

రెండు చిన్న అనుమానాలకు.

స్టోమా అంటే పేగు లోపలి పొర బయటికి తిప్పి కుట్టినది. పెదవి లోపలి వైపు ఎలా ఉంటుందో అలా ఎర్రగా, తడిగా ఉండాలి. సన్నని రక్తనాళాలు ఎక్కువ కాబట్టి తుడిచినప్పుడు చుక్క రక్తం అంటడం మామూలే. తడి గుడ్డతో కాసేపు అదిమితే ఆగాలి. ఆగకుండా కారినా, బ్యాగులోకి లోపలి నుంచి రక్తం వచ్చినా డాక్టర్‌కు చెప్పాలి. స్టోమాకు నొప్పి, వేడి, కోత తెలియవు, అందుకే ప్లేటు అంచు కోస్తున్నా ఆయనకు తెలియదు, మీరు కళ్ళతో చూసుకోవాలి. ముదురు ఊదా, నలుపు రంగుకు తిరిగితే రక్తప్రసారం తగ్గినట్టు. అదే పూట హాస్పిటల్‌కు.

మలద్వారం నుంచి జిగురు కూడా మామూలే. లూప్‌లో రెండు నోళ్ళుంటాయి: ఒకటి మలం వచ్చేది, రెండోది కింది పేగులోకి దారి. కింది పేగులో మలం లేకపోయినా లోపలి పొర జిగురు తయారు చేస్తూనే ఉంటుంది. ముక్కకుండా కమోడ్ మీద కూర్చుని వదలనివ్వండి. చీము, కంపు, జ్వరం, రక్తం తోడైతే మాత్రం లోపల పేగును కలిపి కుట్టిన అతుకు సంగతి చూడాలి, డాక్టర్‌కు చెప్పండి.

స్టోమా ఎంత పైకి వచ్చింది అన్నది మీరు రాయలేదు. ఇలియోస్టమీ చర్మం నుంచి 2, 3 సెంటీమీటర్లు పైకి, చిన్న చిమ్నీలాగా ఉండాలి. బ్రయన్ బ్రూక్ 1952లో ఈ పద్ధతిని వివరించాకే పేగు కొసను చొక్కా చేతిలాగా మడిచి కుట్టడం రివాజైంది. అలా ఉంటే కారేది చర్మం మీద కాకుండా బ్యాగులో పడుతుంది. లూప్‌లో మలం వచ్చే నోరు ఒక్కోసారి కిందికి వంగి ఉంటుంది. చర్మంతో సమానంగా ఉన్నా, లోపలికి దిగినా, నోరు ప్లేటు కిందికి చూస్తున్నా మామూలు చదును ప్లేటు పనికిరాదు. కాన్వెక్స్ ప్లేటు (చర్మం వైపు ఉబ్బెత్తుగా ఉండి స్టోమా చుట్టూ నొక్కేది), బెల్టు కావాలి. అది కూడా మీరే కొని వేయకండి. కొత్త కుట్ల మీద నొక్కుడు ఎక్కువైతే స్టోమా చర్మం నుంచి విడిపోతుంది. స్టోమా నర్సు చూసి లోతు ఎంపిక చేయాలి.

జవాబు 4: పాతబెల్టు

రోజూ ఎనిమా పద్ధతిలో నీళ్ళెక్కించి ఒకేసారి ఖాళీ చేస్తే రోజంతా బ్యాగు గొడవ ఉండదు కదా? ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

కొలతజాడీ

ఎత్తకపోవడమే మంచిది, అది కొలోస్టమీ పద్ధతి. ఎడమవైపు పెద్దపేగు చివర పెట్టిన శాశ్వత కొలోస్టమీలో, మలం గట్టిగా వచ్చేవాళ్ళకు, నర్సు దగ్గర నేర్చుకున్నాక, కోన్ తగిలించి గోరువెచ్చని నీళ్ళు ఎక్కిస్తారు. ఇలియోస్టమీలో నిల్వ ఉండే మలమే లేదు, నీళ్ళెక్కిస్తే ఒంట్లోని ఉప్పు ఇంకా పోతుంది. విరేచనం అవడానికి వేసే మందులు కూడా ఇక్కడ అంతే నిషిద్ధం. కొలోస్టమీ, ఇలియోస్టమీ, మూత్రానికి పెట్టే యూరోస్టమీ, మూడింటికీ బ్యాగు ఒకేలా కనిపిస్తుంది, సలహాలు మాత్రం ఒకదానివి ఒకదానికి పనికిరావు.

ఇంటిమనిషి

కొలిచాం. స్టోమా అడ్డం 28, నిలువు 32. కూర్చుంటే 6 దగ్గర మడత స్పష్టంగా కనిపిస్తోంది. ఎత్తు అడుగువైపు సెంటీమీటరు కంటే తక్కువ. 24 గంటల్లో బ్యాగులోది 2,150 మి.లీ., మూత్రం 550. తాగింది 3,400, అందులో మంచినీళ్ళే 3 లీటర్లు. పొద్దున బాత్‌రూమ్‌కు లేస్తే తూలారు. రంధ్రం మార్చి, పౌడర్, స్ప్రే, రింగు వేశాం. 20 గంటలైంది, ఇంకా కారలేదు.

కొలతజాడీ

ప్లేటు సంగతి తర్వాత. ఈ అంకెలతో ఈ పూటే హాస్పిటల్‌కు వెళ్ళండి, ఫోనులో సరిపెట్టకండి. మూత్రం లీటరు కంటే తక్కువ, నిలబడితే తూలడం, రెండూ ఉన్నాయి. రక్తంలో సోడియం, పొటాషియం, మెగ్నీషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) చూడమని అడగండి. మెగ్నీషియం సంగతి చాలాసార్లు మరుగునపడుతుంది. అది తగ్గితే పొటాషియం ఎంత ఎక్కించినా నిలవదు. మూత్రంలో సోడియం కూడా చూస్తే మేలు, లీటరుకు 20 మిల్లీమోల్ కంటే తక్కువుంటే రక్తంలో అంకెలు బాగున్నా ఒంట్లో ఉప్పు కరువైనట్టే. ముందు సెలైన్ ఎక్కించి లోటు పూడుస్తారు. నోటి ద్వారా ఇచ్చే పద్ధతి ఆ తర్వాత. రాసిన కాగితం, అన్ని మందుల అట్టలు వెంట తీసుకెళ్ళండి.

కత్తెర

బయల్దేరేటప్పుడు రెండు బ్యాగులు, అచ్చు, రింగు, పౌడర్, స్ప్రే సంచిలో పెట్టుకోండి. వార్డులో మీ కొలత బ్యాగు ఉంటుందని నమ్మకం లేదు. కరిగిన పాత ప్లేటు ఒకటి కవర్లో వేసి స్టోమా నర్సుకు చూపించండి. అడుగు ఎత్తు సెంటీమీటరు లోపు, 6 దగ్గర మడత అంటే కాన్వెక్స్ అవసరం పడొచ్చు. ఆ నిర్ణయం ఆవిడ కూర్చోబెట్టి, నిలబెట్టి, వంచి చూశాకే.

ఇంటికొచ్చాక చర్మాన్ని ఇలా చదవండి. ఎరుపు రంధ్రం చుట్టూనే ఉంటే లీకు. ప్లేటు ఆకారమంతా గీత గీసినట్టు ఎర్రబడితే ప్లేటు పదార్థం పడటం లేదు. వెంట్రుకల మొదట్లో చిన్న చీము పొక్కులైతే షేవింగ్ వల్ల. బ్లేడు మానేసి ట్రిమ్మర్‌తో, వెంట్రుక వాలిన వైపుకే తీయండి. ఎరుపు అంచు దాటి చిన్న చిన్న చుక్కలు చల్లినట్టుండి దురద పెడితే ఫంగస్, దానికి మందు పౌడర్ రాయించుకోవాలి. ఊదా అంచుతో లోతుగా, విపరీతంగా నొప్పి పెట్టే పుండైతే ఇంటి వైద్యం చేయకండి.

గాజుగుడ్డ

ఒక హెచ్చరిక మిగిలింది. ఇప్పుడు బాగా కారుతోంది కదా అని ఉలిక్కిపడుతున్నారు, ఒకరోజు అసలు రాకపోతే సంతోషించకండి. 4 నుంచి 6 గంటలు ఏమీ రాకుండా పొట్ట మెలిపెడుతూ స్టోమా వాచిందంటే ఏదో అడ్డుపడింది. ఒక్కోసారి అడ్డు పక్కనుంచి పలచని నీళ్ళు చిమ్ముతాయి, దాన్ని విరేచనం అనుకుని లోపెరమైడ్ వేస్తే పని చెడుతుంది. ఘనాహారం ఆపండి. ప్లేటు బిగుతుగా ఉంటే తీసి పెద్ద రంధ్రంది వేయండి, పెద్ద రంధ్రం సరైనది ఈ ఒక్క సందర్భంలోనే. గోరువెచ్చని నీళ్ళ స్నానం, మోకాళ్ళు పొట్టకు దగ్గరగా ముడుచుకుని పక్కకు పడుకోవడం, స్టోమా చుట్టూ మెల్లగా నిమరడం ప్రయత్నించండి. వాంతి మొదలైతే, నొప్పి పెరుగుతుంటే ఇవేవీ వద్దు, హాస్పిటలే. అడ్డుపడేవి ఎక్కువగా పుట్టగొడుగులు, మొక్కజొన్న గింజలు, కొబ్బరి, గింజపప్పులు, పండ్ల తొక్కలు, ఎండుపండ్లు. మొదటి 6 నుంచి 8 వారాలు వీటి జోలికి పోకుండా, తర్వాత ఒక్కొక్కటే కొంచెం కొంచెంగా, బాగా నమిలి.

మూసివేత గురించి అడగలేదు గానీ, లూప్‌ను సాధారణంగా 8 నుంచి 12 వారాల తర్వాత మూస్తారు. కీమో ఉంటే ఇంకా జరుగుతుంది. దానికి ముందు కింది అతుకు మానిందో లేదో తెలుసుకోవడానికి మలద్వారం నుంచి కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం) ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. ఈలోగా కింద నుంచి ఎనిమా, సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు) లాంటివి సర్జన్ చెప్పకుండా వాడకండి. కొత్త అతుకు ఉన్నది అక్కడే.